పాట కట్టే పద్ధతి: జన నాట్య మండలి

ఇపోలోను, చుట్టుప్రక్కల తోటలలోను జరిగే మన ఉగాది సభలలో పాటలకు కొదువ లేదు. అయితే వాటిలో చాలా భాగము సినిమా పాటలే. మన పాటను మనమే కట్టుకొనడము ఎలాగ? ఈ ప్రశ్నకు ఆంధ్రప్రదేశ్‌లో 1972లో ఏర్పడిన జన నాట్య మండలి పాటలలో మంచి సమాధానము ఉన్నది. ఆ మండలి విప్లవ రాజకీయములు అందరికీ నచ్చకపోవచ్చు. ఇక్కడ మేము పరిశీలించేది వారు పాట కట్టిన తీరును మాత్రమే.

గద్దర్, వంగపండు ప్రసాదరావు మొదలైనవారు క్రొత్త రాగముల కొరకు వెదకలేదు. ఊరి జనము పనిలోను, జాతరలోను, ఉయ్యాల దగ్గరను పాడుకొనే వరుసలు తీసుకొని క్రొత్త మాటలు కూర్చారు. వరుస ముందే తెలుసు గనుక వినేవారి చెవి మాట మీద నిలుస్తుంది.

అమరిక కూడా సులువైనదే. నడుమ నిలిచినవాడు పల్లవి ఎత్తుకొంటాడు. ప్రక్కవారు వంత పాడుతారు. ఇది బుర్రకథ నాటి అలవాటు. డప్పు, గజ్జెలు ఉంటే చాలు. చరణముల నడుమ డప్పు తగ్గుతుంది, పాటగాడు మామూలు మాటలలో సంగతి చెబుతాడు, మళ్ళీ పల్లవి వస్తుంది. కాసేపటికి సభలోనివారూ వంత కలుపుతారు.

వంగపండు (1943–2020) పార్వతీపురము ప్రాంతమువాడు. మన పెద్దలలో చాలామంది ఓడ ఎక్కి వచ్చినది ఆ శ్రీకాకుళము, విశాఖపట్టణము వైపు నుండే. ఆయన పాటలలో ఆ సీమ పలుకు దిద్దుబాటు లేకుండా వినబడుతుంది. మన అవ్వలు ‘ఎల్దం’ అంటే తరగతిలో ‘వెళదాము’ అని దిద్దుతాము. ఛందస్సు లెక్కన ‘ఎల్దం’ నాలుగు మాత్రలు, ‘వెళదాము’ ఐదు. నాలుగు మాత్రల నడకలో ఐదు మాత్రల మాట పెడితే పాట కుంటుతుంది. మేమూ సంఘము తరగతులలోనే తెలుగు నేర్చినవారము. పుస్తక భాష విలువ ఎరుగుదుము. వ్యాసమునకు ఆ భాష కావాలి. పాటకు అవ్వ పలుకు కావాలి.

ఈ మండలి పాటలలో లోపములు లేవని అనము. కొన్నిటిలో చివరి చరణము నినాదముగా మారిపోయి, అంతవరకు కళ్ళకు కట్టిన బొమ్మ చెదిరిపోతుంది. పిల్లవాణ్ణి వెంట రమ్మని పిలిచే వంగపండు పాట నేటికీ జనము నోట ఉన్నదంటే, అందులో పిలుపు మనిషి పిలుపుగానే ఉండడము వలన అని మా అభిప్రాయము.

బాగన్ దాతో కొబ్బరి తోటలలో పెరిగిన పెద్దవారు మన మధ్య ఇంకా ఉన్నారు. వారి నోట ఉన్న వరుసలను, పలుకును దిద్దకుండా వ్రాసుకొందము. రబ్బరు చెట్టు గీత, లైను ఇండ్లు, కంగాణీ కేక ఆ వరుసలలోకి మాటలై రావాలి. వచ్చే ఉగాదికి ప్రతి శాఖ ఇటువంటి పాట ఒక్కటి కట్టి, డప్పుతో, వంతతో వినిపించాలని కోరుతున్నాము.