శిల్పి ఎవరు? అమరావతి ఫలకాలు, ‘హిమబిందు’, కర్తృత్వ ప్రశ్న

క్రీ.పూ. 5వ శతాబ్దికి చెందిన గ్రీకు శిల్పి పాలిక్లైటస్ తన చేతులతో చేసిన విగ్రహం ఒక్కటీ నేడు లేదు. ఆయన పనిచేసింది ఎక్కువగా కంచుతో. కంచు కరిగించడానికి అనువైన లోహం కనుక ఆ విగ్రహాలు కాలక్రమంలో కొలుముల పాలయ్యాయి. పేరు మాత్రం మిగిలింది. రోమన్ రచయిత ప్లినీ ఆయన్ని గురించి రాశాడు. శరీరావయవాల నిష్పత్తిని గురించి పాలిక్లైటస్ స్వయంగా రాసిన ‘కానన్’ అనే గ్రంథం కూడా నశించగా, వేలికీ వేలికీ, వేళ్లకూ అరచేతికీ మధ్య ఉండవలసిన పొంతనే అందానికి మూలమన్న దాని సారాంశాన్ని గేలెన్ అనే వైద్యుడు తన రచనలో భద్రపరిచాడు. ఆయన చేసిన ‘బల్లెంధారి’ విగ్రహానికి రోమన్లు పాలరాతిలో ప్రతులు చెక్కించుకున్నారు. 18వ శతాబ్ది చివర పాంపేలో దొరికిన ఒక ప్రతిని 1863లో జర్మన్ పండితుడు ఫ్రీడరిక్స్ ఈ విగ్రహానికి ప్రతిగా గుర్తించాడు. అంటే అక్కడ పేరు ముందు దొరికింది, దానికి తగిన కృతిని పండితులు తర్వాత వెదికి పట్టుకున్నారు.

కృష్ణాతీరంలో జరిగింది దీనికి తలకిందులు. ఇక్కడ కృతులు కొంత మిగిలాయి, చెక్కినవారి పేర్లు మిగలలేదు. ఆ ఖాళీని తెలుగువారు ఏ పేర్లతో పూరించుకున్నారు, అందులో ఏది నిలుస్తుంది అన్నది ఈ వ్యాసంలోని పరిశీలనాంశం.

పోయినదాని లెక్క

అమరావతి మహాచైత్యం పలనాటి సున్నపురాతితో కట్టింది. వాడుకలో పాలరాయి అంటున్నా అది కాలిస్తే సున్నమయ్యే రాయే, దాని చేటు కూడా అందులోనే ఉంది. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కట్టిస్తున్నప్పుడు దిబ్బను తవ్వి రాళ్లు, ఇటుకలు తీశారు. ఆ వార్త విని వచ్చిన కాలిన్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చేసరికి చాలా భాగం శిథిలమైంది. ఆయన చిత్రకారులు కొలతలతో గీసిన ఫలకాలలో అనేకం ఈనాడు ఎక్కడా లేవు. కొన్ని శిల్పాలను రాబర్ట్‌సన్ అనే అధికారి బందరుకు తరలించి అంగడి వీథిలో దిబ్బగా నిలిపాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు మీదుగా 1859లో లండన్ చేరాయి. 1877లో రాబర్ట్ స్యూయెల్ తవ్వాడు. 1880లో గవర్నర్ ఆజ్ఞపై స్థలాన్నంతా ఊడ్చి శుభ్రం చేశారు. మరుసటి ఏడు బర్జెస్ వచ్చేసరికి చైత్యం ఉన్నచోట పెద్ద గొయ్యి ఉంది. పదేళ్ల తర్వాత, 1887లో విజయవాడలో నేటి బాపు మ్యూజియం భవనానికి శంకుస్థాపన చేసింది కృష్ణా జిల్లా కలెక్టరుగా ఉన్న ఆ స్యూయెలే.

మెకంజీ చిత్రాలు మనకు రోమన్ ప్రతుల వంటివి అనాలనిపిస్తుంది. పోలిక కొంతవరకే సరి. రోమన్ ప్రతి చెక్కినవాడూ శిల్పే, తన కాలపు అభిరుచిని అందులో కలిపాడు. మెకంజీ చిత్రకారుడు కొలబద్దతో కూర్చున్న సర్వే ఉద్యోగి. అసలైన ప్రతిని అమరావతి శిల్పే చేసిపెట్టాడు. మేధిని అలంకరించిన ఫలకాలపై ప్రాకారం, ద్వారాలు, ఆయక స్తంభాలు, అండం అన్నీ ఉన్న మహాచైత్యాన్నే చెక్కాడు. ఆ కట్టడం రూపాన్ని ఊహించడానికి పండితులకు ప్రధానాధారం ఈ ఫలకాలే.

బ్రిటిష్ మ్యూజియంలోని ఒక ఫలకం మరొక సంగతి చెబుతుంది. దాని ఒక వైపు బోధివృక్షం కింద ఖాళీ ఆసనానికి మొక్కుతున్న భక్తులు, క్రీ.పూ. 1వ శతాబ్దపు పని. సుమారు మూడు శతాబ్దాల తర్వాత ఆ రాతినే తిరగేసి రెండోవైపు చైత్యాన్ని చెక్కారు. తొలి శిల్పి పని గోడవైపు తిరిగి కనుమరుగైంది. సున్నపు బట్టీలు రాకముందే, దొరలు రాకముందే, పాతపనిని మరుగుపరచడం ఆ శిల్పశాలలోనే జరిగింది. పూర్వశిల్పి సొంత కృతి అనే భావానికి అక్కడ విలువ ఉన్నట్లు కనబడదు.

దాత పేరు, ఉలి పట్టిన చేయి

అమరావతి శాసనాల నిండా పేర్లున్నాయి. అవి దాతల పేర్లు. గృహపతులు, భిక్షుణులు, వర్తకులు, వారి భార్యలు, కోడళ్లు. వారిలో ఎక్కువగా చర్చకు వచ్చేవాడు విధికుడు. నాగోపాధ్యాయుని కొడుకు, చర్మకారుడు. తల్లితో, భార్యతో, సోదరులతో, బిడ్డలతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని దానమిచ్చాడు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీకరించిన రాజచిహ్నం మధ్యలో ఉన్నది పూర్ణఘటమే. నాటి నుంచి ఆయన పేరు పత్రికలకెక్కింది. వెంటనే ‘విధికుడు చెక్కిన పూర్ణఘటం’ అనే మాట కూడా పుట్టింది.

ఇది చిన్న పొరపాటు కాదు. చెక్కడానికీ చెక్కించి ఇవ్వడానికీ తేడా ఆ కాలపు ప్రాకృతానికి బాగా తెలుసు. సాంచి దక్షిణ తోరణంపై ఒకచోట విదిశ దంతకారులు రూపకర్మ చేశారని స్పష్టంగా ఉంది. అదే తోరణంపై శాతకర్ణి ఆవేసనుల పెద్ద ఆనందుని దానం గురించి వేరుగా ఉంది. విధికుని శాసనం చెప్పేది దానాన్నే. ఆయన్ని శిల్పిని చేస్తే గౌరవం పెంచినట్లు అనిపించవచ్చు, కాని శాసనం చాటుతున్న అసలు విశేషం అక్కడే చెరిగిపోతుంది. తోలుపని చేసే ఒక కుటుంబం, ఉపాధ్యాయుడనే బిరుదున్న తండ్రి పేరుతో, మహాచైత్యంలో తమ రాతిని తాము నిలబెట్టుకోగలిగింది. కులవృత్తుల చరిత్ర చదివేవారికి శిల్పి విధికుని కంటే దాత విధికుడు ఎంతో విలువైన సాక్షి.

(తెలుగు శాఖల్లో అమరావతి అనగానే ‘నాగబు’ అన్న పదం చర్చకు వస్తుంది. అది తెలుగా కాదా అన్న వాదం సాగుతూనే ఉంది. పదం కోసం రాతిని చదివిన మన శాస్త్రం, ఆ రాతిమీది బొమ్మను పురావస్తు శాఖకు వదిలేసింది.)

శిల్పి పేరు బొత్తిగా దొరకదా? జగ్గయ్యపేటలో దొరుకుతుంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో, కమ్మకరాష్ట్రంలోని నడతూరుకు చెందిన ఆవేసని నాగచంద్రుని కొడుకు, ఆవేసని సిద్ధార్థుడు, వేలగిరి మహాచైత్యం తూర్పు ద్వారాన అయిదు ఆయక స్తంభాలు నిలిపాడు. ఆవేసని అంటే పనివాడు, శిల్పకారుడు. ఇక్కడా ఆయన పేరు రాతికెక్కింది దాతగానే. స్తంభాలను తానే చెక్కాడని శాసనం అనలేదు. కాని తండ్రీ కొడుకులిద్దరికీ ఒకే వృత్తినామం చెప్పింది.

సువర్ణశ్రీ

అడివి బాపిరాజు ‘హిమబిందు’ నవల ఈ ఖాళీలోకి వచ్చింది. శాతవాహనుల నాటి ధాన్యకటకంలో శిల్పి ధర్మనంది కొడుకు సువర్ణశ్రీ, ధనిక వర్తకుడు చారుగుప్తుని కుమార్తె హిమబిందును ప్రేమిస్తాడు. శాసనాలు శిల్పికివ్వని కథానాయకత్వాన్ని నవల ఇచ్చింది. బాపిరాజు చిత్రకారుడు, బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ చటోపాధ్యాయ వద్ద చిత్రకళ నేర్చినవాడు. కళాకారుడంటే సొంత గుండె చప్పుడును రూపంలోకి తెచ్చేవాడన్న భావం ఆ బెంగాలు కళోద్యమం నుంచి వచ్చింది. సువర్ణశ్రీ ఆ భావానికి పుట్టిన బిడ్డ. రాతిని తిరగేసి మళ్లీ చెక్కే శిల్పశాలలో అటువంటి వ్యక్తికి చోటు తక్కువ. నవలను చరిత్రగా చదివేవారు ఈ అంతరాన్ని గుర్తుంచుకోవాలి.

అలాగని నవలను కొట్టిపారేయలేం. సిద్ధార్థుని శాసనం దానంలో భాగస్వాములైన కుటుంబ సభ్యుల పేర్లను వరుసగా చెబుతుంది. కొడుకు మూలశ్రీ, కూతురు నాగబుద్ధనిక, తమ్ముని కొడుకులు నాగశ్రీ, చంద్రశ్రీ. నవలలో సువర్ణశ్రీ చెల్లెలి పేరు నాగబంధునిక. బాపిరాజు ఈ ఒక్క శాసనాన్నే ముందు పెట్టుకున్నాడని అనవలసిన పనిలేదు. ఆంధ్రదేశపు ప్రాకృత శాసనాల నామసంప్రదాయం ఆయనకు బాగా వంటబట్టిందని మాత్రం నిస్సందేహంగా చెప్పవచ్చు. నవలలో చారిత్రక బలం ఉన్నది ప్రేమకథలో కాదు, ధర్మనంది–సువర్ణశ్రీల తండ్రీకొడుకుల వరుసలో. నాగచంద్రుడు–సిద్ధార్థుల వరుసకు అది చాలా దగ్గర.

పాలిక్లైటస్ నియమం గ్రంథంగా పుట్టి నశించింది. కృష్ణాతీరపు నియమం తండ్రి నుంచి కొడుక్కు చేతిలోంచి చేతిలోకి నడిచింది. బాపు మ్యూజియంలో నిలిచివున్న అల్లూరు బుద్ధునీ, నాగార్జునకొండ బుద్ధులనూ, సముద్రం దాటి అనురాధపురంలో నిలిచిన బుద్ధులనూ కలిపి చూసేవారికి ఆ నడక తెలుస్తుంది. కుడి భుజాన్ని వదిలి సాగే చీవరం, పాదాల దగ్గర బరువుగా మడత పడే అంచు ఈ సంప్రదాయపు గుర్తులు. ‘హిమబిందు’ను బోధించే తరగతిలో సిద్ధార్థుని శాసనపాఠాన్నీ, ఈ విగ్రహాల చిత్రాలనూ పక్కన పెట్టి చదివిస్తే, సువర్ణశ్రీలో బాపిరాజు కల్పన ఎంత, ఆవేసనుల ఇంటి వారసత్వం ఎంత అన్నది విద్యార్థే తేల్చుకోగలడు.