మందు కలిపే చేతులు

సత్తెనపల్లి చుట్టుపక్కల మిరప తోటలకు బూడిద తెగులు సోకితే గంధకం కొడతారు. ఆ రోజు మందు కలిపే మనిషిని గమనించండి. లీటరు నీటికి 3 గ్రాముల లెక్కన తూచిన పొడిని నేరుగా డ్రమ్ములో పోయడు. చిన్న బకెట్లో కాసిని నీళ్లు పోసి, కర్రతో ఉండలు లేకుండా కలిపి, గుడ్డలో వడగట్టి, ఆ తర్వాతే డ్రమ్ములోకి వంపుతాడు. మధ్యమధ్యలో కదుపుతూనే ఉంటాడు. మొదటి సాలుకూ చివరి సాలుకూ ఒకే మోతాదు అందుతోందంటే ఆ ఓపిక చలవే.

ఆ ఓపికకు తోడుగా ఇలాంటి పొడుల్లో చాలావాటిలో లిగ్నోసల్ఫోనేట్ అనే పదార్థం ఉంటుంది. కలపలో పీచును పట్టి ఉంచే లిగ్నిన్, సల్ఫైట్ పద్ధతిలో కాగితపు గుజ్జు వండేటప్పుడు నీటిలో కరిగే గోధుమరంగు పదార్థంగా విడిపోతుంది; అదే లిగ్నోసల్ఫోనేట్. ఒకప్పుడు నదుల్లోకి వదిలేసిన ఆ వ్యర్థాన్ని నార్వేలోని బోరెగార్డ్ వంటి సంస్థలు విలువైన సరుకుగా మార్చాయి.

గంధకం నీటిలో కరగదు. లిగ్నోసల్ఫోనేట్ దాని రేణువులకు అంటుకుని రుణావేశం ఇస్తుంది. అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా ఉంటాయి. గుళికల మందులో, పశువుల దాణాలో అదే పదార్థం పొడిని పట్టి ఉంచుతుంది. కాంక్రీటులో సిమెంటు రేణువులను విడదీసి నీటి వాడకాన్ని తగ్గిస్తుంది.

అయినా కదపని డ్రమ్ములో ఎంత మంచి మందైనా అడుగుకు చేరుతుంది. కాయ బాగా దిగితే విత్తనాన్నీ మందునూ మెచ్చుకుంటాం. కలిపిన చేతులనూ మెచ్చుకోవాలి. వాటికి తొడుగులు, ముఖానికి మాస్కు, పనికి తగ్గ కూలి ఇవ్వడమే అసలైన మెచ్చుకోలు.