దగ్గరికి వెళ్లాలా, దగ్గరికి లాగాలా?

కెమెరాతో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్‌తో కొంతకాలం ఫొటోలు తీశాక చాలామందికి ఒకటే ప్రశ్న ఎదురవుతుంది. చేతిలో ఉన్న డబ్బుకు ఇంకో లెన్స్ వస్తుంది. 10-18 లాంటి వైడ్ యాంగిల్ జూమ్ తీసుకోవాలా, 55-250 లాంటి పొడుగు జూమ్ తీసుకోవాలా? షాపులో అడిగితే ‘ఇది ఎక్కువ చూపిస్తుంది, అది దూరాన్ని దగ్గర చేస్తుంది’ అంటారు. ఆ మాటలో తప్పేమీ లేదు గానీ, అసలు సంగతి అందులో లేదు. లెన్స్ మారితే మనం నిలబడే చోటు మారుతుంది. చోటు మారితే ఫొటోలో ముందున్నవాటికీ వెనకున్నవాటికీ మధ్య పొందిక మొత్తం మారిపోతుంది.

బతుకమ్మ ఆడే చోట ఇది కళ్లారా చూడొచ్చు. తంగేడు, గునుగు, బంతిపూలతో పేర్చిన బతుకమ్మకు ఒక మీటరు దూరంలో మోకాళ్ల మీద కూర్చుని, 25 మి.మీ. దగ్గర ఒక ఫొటో తీయండి. బతుకమ్మకు అవతల నాలుగు మీటర్ల దూరంలో చప్పట్లు కొడుతూ తిరిగే ఆడవాళ్లు కెమెరాకు ఐదు మీటర్ల దూరంలో ఉంటారు. కాబట్టి బతుకమ్మతో పోలిస్తే వాళ్లు ఐదో వంతుకు తగ్గి కనిపిస్తారు. పూల వరసలు ఫ్రేములో పైకి లేస్తాయి, వాటి వెనక చిన్నగా వలయం, వాకిలి, చెట్టు, సాయంత్రపు ఆకాశం అన్నీ పడతాయి.

ఇప్పుడు వలయం దాటి బయటికి వచ్చి, ఎనిమిది మీటర్ల దూరం నుంచి 200 మి.మీ. దగ్గర తీయండి. బతుకమ్మ ఫొటోలో అంతే పరిమాణంలో ఉంటుంది. కానీ అవతలి ఆడవాళ్లు ఇప్పుడు పన్నెండు మీటర్ల దూరంలో ఉన్నారు, అంటే మూడింట రెండు వంతుల పరిమాణంలో పడతారు. వాళ్ల ముఖాలు పూల మీదికే వచ్చి నిలుస్తాయి. వాకిలీ ఆకాశమూ మాయమవుతాయి. పైగా ఇవతల తిరిగేవాళ్లు క్షణక్షణం అడ్డం వస్తుంటారు, సందు దొరికేదాకా కాచుకుని కూర్చోవాలి. మొదటి ఫొటో పండగ గురించి చెబుతుంది, రెండోది పాడుతున్న ఆ నలుగురి గురించి. ఈ తేడా తెచ్చింది గాజు కాదు, ఏడు మీటర్ల నడక. పర్‌స్పెక్టివ్ దూరాన్ని బట్టే మారుతుంది. ఆ దూరం నుంచి ఎంత మేర కోసుకోవాలన్నదే లెన్స్ చేసే పని.

జూమ్ లేని రోజుల్లో ఫొటోగ్రాఫర్లకు ఈ విషయం వేరే చెప్పాల్సిన పని ఉండేది కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీనదయాళ్ గాజు పలకల మీద హైదరాబాదును చిత్రించిన కాలంలో, బరువైన కెమెరాను ఎక్కడ దించాలన్నదే సగం పని. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ కార్టియే-బ్రెసాన్ ఎక్కువగా ఒకే ఒక్క 50 మి.మీ. లెన్స్‌తో తిరిగాడు. 35 మి.మీ. ఫిల్ము ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలకు మొదటి జూమ్ 1959లో వచ్చిన ‘జూమర్’. అదీ 36 నుంచి 82 మి.మీ. వరకే. మన రఘుబీర్ సింగ్ రంగుల్లో తీసిన ఫొటోలు చూస్తే, అంబాసిడర్ కారు తలుపూ అద్దమూ కిటికీ ఒకే ఫ్రేమును ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కలో ఒక్కో కథ నడిపిస్తాయి. దగ్గరగా నిలబడి, ముందున్నదాన్నీ వెనకున్నదాన్నీ కలిపి చూసే కన్ను ఉంటేనే అలాంటి ఫొటో సాధ్యం.

వైడ్ యాంగిల్‌తో అసలు కష్టం అక్కడే ఉంది. ఎక్కువ మేర పడుతుంది కదా అని దూరంగా నిలబడి తీస్తే కింద సగం ఖాళీ నేల, పైన సగం ఖాళీ ఆకాశం, మధ్యలో చీమల్లా మనుషులు మిగులుతారు. ముందు భాగంలో ఏదో ఒకటి బలంగా ఉండాలి. అంచుల్లో ఏముందో నొక్కేముందు చూసుకోవాలి. గ్రూపు ఫొటోలో చివరన నిలబడ్డ పెద్దమ్మ ముఖం పక్కకు సాగుతుంది, కాబట్టి ఒకడుగు వెనక్కి వేసి కొంచెం జూమ్ చేసి తీయడం మర్యాద. చార్మినార్ కింద నిలబడి కెమెరాను పైకెత్తితే మినార్లు ఒకదాని మీదికి ఒకటి వాలతాయి. దీనదయాళ్ కాలపు పెద్ద కెమెరాలలో, కెమెరాను వంచకుండా లెన్స్ పలకను మాత్రమే పైకి జరుపుకొనే వీలుండేది. మనకు ఆ వీలు లేదు. కంప్యూటర్లో సరిచేయొచ్చు గానీ అంచులు కోత పడతాయి. పత్తర్‌గట్టీ వైపు వెనక్కి నడిచి, పొడుగు జూమ్‌తో కెమెరాను నిటారుగా పట్టుకుని తీస్తే మినార్లు తిన్నగా నిలుస్తాయి, దారిలోని ఆటోలూ బండ్లూ జనమూ వాటి పాదాల దగ్గర కిక్కిరిసి కనిపిస్తారు. కట్టడాలకు వైడే కావాలన్న నమ్మకాన్ని నేను ఒప్పుకోను.

ఇక నడిచి వెళ్లలేని చోట్లు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ గూళ్లు కడతాయి. గూటి దగ్గరికి మనిషి వెళ్లకూడదు. వెళ్తే పక్షి లేచిపోతుంది, పిల్లలు ఎండకూ కాకులకూ దొరికిపోతాయి. ఇక్కడ పొడుగు జూమ్ కోరిక కాదు, బాధ్యత. కూచిపూడి వేదిక, క్రికెట్ మైదానం, బడి వార్షికోత్సవం కూడా ఈ కోవలోవే. కానీ ఫోకల్ లెంగ్త్ పెరిగేకొద్దీ ఫొటోలో చేతి వణుకు ప్రభావమూ పెరుగుతుంది. ఏపీఎస్-సీ కెమెరా మీద 250 మి.మీ. వాడితే సెకనులో 400వ వంతైనా షట్టర్ ఉండాలి, ఎగిరే పక్షికి 1000వ వంతు పైమాటే. చవక జూమ్ ఆ చివర ఎఫ్ 5.6కు పడిపోతుంది కాబట్టి సాయంత్రం వెలుతురులో ఐఎస్ఓ పెంచక తప్పదు. మధ్యాహ్నం చెరువు మీద వేడిగాలి ఆడుతుంటే ఎంత ఖరీదైన లెన్సైనా ఈకలను స్పష్టంగా చూపలేదు. తెల్లవారే వెళ్లాలి.

చంద్రుడిని తీసినవాళ్లకు ఇంకో లెక్క పనికొస్తుంది. సెన్సార్ మీద చందమామ వెడల్పు, ఫోకల్ లెంగ్త్‌లో 110వ వంతు ఉంటుంది. 18 దగ్గర అది 0.16 మి.మీ. చుక్క. 250 దగ్గర 2.3 మి.మీ. గుడి గోపురం పక్కన పెద్ద చంద్రుడు కావాలంటే గోపురానికి బాగా దూరం వెళ్లి, పొడుగు జూమ్‌తో తీయాలి. దగ్గరికి వెళ్తే గోపురం పెరుగుతుంది, చంద్రుడు పెరగడు.

అన్నీ ఒకదాంట్లోనే అని 18-300 కొనేవాళ్లున్నారు. ప్రయాణాలకు పనికొస్తుంది, అంతే.

కిట్ లెన్స్ 18 దగ్గర సుమారు 74 డిగ్రీలు చూస్తుంది, 10 మి.మీ. 107 డిగ్రీలు చూస్తుంది. అంటే వైడ్ రుచి ఇప్పటికే మీ చేతిలో ఉంది. రెండో కొస మాత్రం 28 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. 250 దాన్ని 6 డిగ్రీలకు తెస్తుంది. కాబట్టి పక్షులు, వేదిక, ఆటలు మీ ఇష్టాలైతే వెనకాడకుండా పొడుగు జూమ్ కొనండి. మనుషులూ పండగలూ ఇరుకు వీధులూ మీ లోకమైతే దాని జోలికి వెళ్లకండి. దూరంగా నిలబడి ముఖాలు కోసుకునే అలవాటు పడితే, పలకరించి, అడిగి, జనం మధ్యకు వెళ్లే ధైర్యం వదిలిపోతుంది. ఫొటోలకు ప్రాణం పోసేది ఆ ధైర్యమే.

ఇంకా తేల్చుకోలేకపోతే, కిట్ లెన్స్ జూమ్ రింగును టేపుతో ఒక వారం 18 దగ్గర, మరో వారం 55 దగ్గర కదలకుండా అంటించి తీయండి. గోడకు వీపు ఆని ఇంక వెనక్కి జరగలేని సందర్భాలు ఎక్కువైతే వైడ్ కొనండి. కాళ్ల ముందు నీళ్లో కంచో ఉండి ముందుకు వెళ్లలేని సందర్భాలు ఎక్కువైతే పొడుగు జూమ్ కొనండి. రెండూ ఎదురుకాకపోతే ఆ డబ్బు దాచుకుని, ఉన్న లెన్స్‌తోనే ఒక జాతరకు వెళ్లి రండి.