గోరంత తెరపై అక్షరశిల్పము

సినిమాలను గూర్చి చర్చించు పాడ్‌కాస్టునకు రూపమేల, అది వినుటకే గదా యని కొందరందురు. కాని శ్రోత చెవి యొగ్గుటకు మునుపే వాని కన్ను ఒక చదరపు ముఖచిత్రముపై నిలువవలెను. 3000 పిక్సెళ్ల వెడల్పున, అంతే యెత్తున గీసిన ఆ చిత్రము ఫోనుతెరపై గోరంతయై కనబడును. ఆ గోరంతలోనే పేరు చదువ వీలుకావలెను, మాటల తీరు స్ఫురింపవలెను.

ఈ విద్య మనకు క్రొత్తది గాదు. జెండాపై కపిరాజు కనబడినంతనే విజయావారి చిత్రమనియు, శంఖము పూరించు కృష్ణవేషమున ఎన్.టి. రామారావుగారు కనబడినంతనే వైజయంతీవారిదనియు చదువురానివారును పోల్చుకొనెడివారు. ఒక్క గుర్తు, ఒక్క భంగిమ. అంతకు మించి వారేమియు కోరలేదు.

ఇక అక్షరము మాట. తెలుగు లిపి మూడంతస్తుల మేడ: పైన తలకట్టులును గుడులును, నడుమ అక్షరము, క్రింద ఒత్తులు. పరిమాణము తగ్గించినపుడు మొదట నశించునది ఒత్తే. నేర్పరి యగు చిత్రకారుడు ఆ ఒత్తును ప్రక్క అక్షరము క్రింది ఖాళీలోనికి జరుపును; గుడిని కొంచెము విప్పును; పేరు రెండు పంక్తులైనచో పై పంక్తి ఒత్తులను క్రింది పంక్తి తలకట్టుల సందులలో ఇమిడించి, రెంటిని ఒకే ముద్దగా బిగించును. చిత్రకారుడును దర్శకుడునైన బాపుగారి చేతివ్రాతలో ఈ బిగి యెంత సహజముగా కుదిరినదో చూడుడు! పాలకొల్లున పుట్టి, బాపుగారి తొలిచిత్రమైన ‘సాక్షి’ (1967)తో ప్రచారకళలో నిలదొక్కుకొని, 2,600లకు పైగా చిత్రములకు పనిచేసి, ‘సినిమా పోస్టర్’ అను గ్రంథమును రచించి, 2015 సంవత్సరపు రఘుపతి వెంకయ్య పురస్కారమందిన ఈశ్వర్‌గారి పక్షమువాడను నేను. ముఖములు గీయువారు పలువురు గలరు గాని, సినిమా పేరునే పాత్రగా నిలిపిన చేయి ఆయనది. ఆ కాలమున రంగురంగునకు వేరుగా అచ్చొత్తెడివారట. ఆ కట్టడియే పొదుపు నేర్పినదని పెద్దలందురు.

నేడో! హైదరాబాదున ఉప్పల్ కూడలి ఫ్లెక్సీలలో కత్తిరించి యతికించిన తారల ముఖములే ఫోనుతెరకును ఎక్కుచున్నవి. వానిపై ఒక మైకు, ఒక రీలు, ఒక పాప్‌కార్న్ పొట్లము. పేరు మాత్రము బాపు ఫాంటున టైపుకొట్టి వదలుదురు. బాపుగారి చేతిలో ఒకే ‘క’ ఇరుగుపొరుగు అక్షరములను బట్టి ఒదిగెడిది. ఫాంటులో అది పదిమార్లు వచ్చినను పదిమార్లును అదే వంపు. ఇది బాపుగారికి నివాళి గాదు, అపచారము! అడిగినంతనే కృత్రిమమేధా యంత్రము వండి యిచ్చు బొమ్మలలోనైతే తెలుగక్షరము గుర్తుపట్టరాని గీతలై విరిగిపోవుట చూచి నాకు కడుపు తరుగుకొనిపోవుచున్నది.

రామారావుగారు నెలకొల్పిన రామకృష్ణ హార్టికల్చరల్ సినీ స్టూడియో గల నాచారమున, దాని పొరుగున ఉన్న ఉప్పల్‌న మైకు ముందు కూర్చుండదలచిన యువకులారా! తారల ముఖములను విడువుడు. మీ పేరు క్లుప్తముగా నుంచుకొని, గోడలపై అక్షరములు వ్రాయు చిత్రకారునొకని పిలిచి, తగిన వెల యిచ్చి, కుంచెతో పదిరీతుల వ్రాయించుడు. వానిని ఫోనులో గోరంతగా చూచి, ఒత్తు చెడనిదానిని ఏరుకొనుడు. రెండే రంగులు వాడుడు. మైకునకు పెట్టు వెలలో సగమైనను ఆ చేతికి పెట్టుడు.