కడప బండల ఇంట్లో పాట వినాలంటే

కడప బండలు పరిచిన హాలు, సిమెంటు గోడలు, పైన స్లాబు. కర్నూలు, కడప వైపు చాలా ఇళ్ళు ఇలాగే ఉంటాయి. కాలికి చల్లగా ఉంటుంది, తుడుచుకోవడం సులువు. పాటకు మాత్రం ఇంతకంటే చెడ్డ గది దొరకదు. స్పీకర్‌లోంచి వచ్చిన స్వరం నున్నటి బండకూ గోడకూ తగిలి తిరిగొస్తుంది. గాయకుడు తీసే గమకం మీద, అంతకు క్షణం ముందు తీసిన గమకం వచ్చి పడుతుంది. తివాచీలు, మందపాటి పరదాలు వేస్తే కొంత నయమే కానీ, మే నెల కర్నూల్లో గదినిండా తివాచీలు పరుచుకునే ధైర్యం ఎవరికుంది? అందుకే ఇక్కడ శ్రద్ధగా వినేవాళ్ళకు హెడ్‌ఫోన్ మేలు. గది ఎలా ఉన్నా దానికి పట్టదు.

దాని వెంటనే వచ్చే ప్రశ్న, విడిగా యాంప్లిఫయర్ కొనాలా అని. అమ్మేవాళ్ళు కొనమనే అంటారు. లెక్క వేసుకుంటే చాలామందికి అక్కర్లేదని తేలుతుంది.

నిజానికి యాంప్లిఫయర్ కంటే ముందే హెడ్‌ఫోన్ పుట్టింది. ఈ జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, 1924లో, మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారాలు మొదలుపెట్టింది. ఆ రోజుల్లో వాడుకలో ఉన్న క్రిస్టల్ సెట్‌కు కరెంటే అక్కర్లేదు. గాలిలోంచి అందిన రేడియో తరంగపు శక్తితోనే, వేల ఓమ్‌ల హెడ్‌ఫోన్ పలికేది. చెవికి ఆనించుకున్న శబ్దానికి అంత కొంచెం శక్తి చాలు.

ఇప్పటి లెక్క చూడండి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 అనే హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్, అంటే కరెంటుకు అది చూపే అడ్డు, 300 ఓమ్‌లు. ఒక మిల్లీవాట్ ఇస్తే సుమారు 97 డెసిబెల్స్ పలుకుతుంది. హాయిగా వినే 80 డెసిబెల్స్‌కు దానికి కావలసింది మిల్లీవాట్‌లో యాభయ్యో వంతు. తనియావర్తనంలో మృదంగం 100 డెసిబెల్స్‌కు ఎగసినా 2 మిల్లీవాట్లు చాలు, అంటే 0.8 వోల్ట్ లోపు. ఫోన్‌కు తగిలించే మామూలు డాంగిల్ ఒక వోల్ట్ ఇవ్వగలిగితే అదే సరిపోయింది. 300 ఓమ్‌లు అనగానే భయపడాల్సిన పని లేదన్నమాట. అదే హైఫైమన్ హెచ్‌ఈ-6 లాంటి ప్లానార్ హెడ్‌ఫోన్ సంగతి వేరు. మిల్లీవాట్‌కు 83.5 డెసిబెల్సే పలుకుతుంది. అదే 100 డెసిబెల్స్‌కు 45 మిల్లీవాట్లు, అంటే ఇరవై రెట్లకు పైగా అడుగుతుంది. అక్కడ మంచి యాంప్లిఫయర్ కావాలి. కాబట్టి ముందు హెడ్‌ఫోన్, తర్వాత లెక్క, ఆ తర్వాతే కొనుగోలు.

వాట్ల కంటే నేను ముందు చూసేది యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్. అది హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకపోతే మేలు. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 4 ఓమ్‌లు. మించితే ఏమవుతుంది? హెచ్‌డీ 600 ఇంపెడెన్స్ అన్ని స్థాయిల్లోనూ 300 ఉండదు. 100 హెర్ట్జ్ దరిదాపుల్లో 500 దాటుతుంది. 120 ఓమ్‌ల అవుట్‌పుట్ ఉన్న పాత రిసీవర్‌కు తగిలిస్తే అక్కడ శబ్దం సుమారు ఒక డెసిబెల్ పెరుగుతుంది. మృదంగం తొప్పి వైపు గుంకారం కాస్త ఉబ్బినట్టు వినిపిస్తుంది. కొందరికి అదే ఇష్టం, కాదనను. కానీ వాయించిన విద్వాంసుడి చేతిలో ఆ ఉబ్బు లేదు.

ఇంతకీ ఏం వింటామన్నది కూడా చూసుకోవాలి. కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యుడిగా పనిచేసి ఆ ఊళ్ళోనే స్థిరపడ్డ డాక్టర్ శ్రీపాద పినాకపాణి (1913–2013) ఒక పక్క రోగులను చూస్తూ ఇంకో పక్క నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ వంటివాళ్ళకు సంగీత పాఠం చెప్పారు. ఆ బాణీలో విషయమంతా స్వరానికీ స్వరానికీ మధ్య దారిలో ఉంటుంది. నేదునూరి బాణీ కట్టిన తాళ్ళపాక అన్నమయ్య కీర్తనలు వింటున్నా అంతే. ఆ దారి తెలియాలంటే శబ్దం పెద్దదిగా ఉండనక్కర్లేదు, వెనక రొద ఉండకూడదు.

పాత రేడియో రికార్డింగులు ఎక్కువగా మోనో. 1963లో మొదలైన కడప ఆకాశవాణి మీడియం వేవ్ ప్రసారం నుంచి ఎవరో క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నదైతే, అందులో నాలుగైదు వేల హెర్ట్జ్ పైన సంగీతం ఉండదు, టేపు సొద తప్ప. లక్ష హెర్ట్జ్ వరకూ పలుకుతానని పెట్టె మీద రాసుకున్న యాంప్లిఫయర్ ఆ క్యాసెట్‌కు చేసే మేలు ఏమీ లేదు.

ఇక మన వాతావరణం. క్లాస్-ఏ యాంప్లిఫయర్లు, వాల్వు యాంప్లిఫయర్లు పాట లేకపోయినా వేడి కక్కుతూనే ఉంటాయి. చలిదేశాల వాళ్ళు మెచ్చుకున్నారని తెచ్చుకుంటే ఎండాకాలమంతా బీరువాలోనే. కూలర్ తిరిగే గదిలో వెనక తెరిచి ఉండే ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోన్ పెట్టుకుని రొదను మించేలా వాల్యూమ్ పెంచడం ఇంకా చేటు. 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. ఆ గదికి వెనక మూసి ఉండే క్లోజ్డ్-బ్యాక్ కొనుక్కోండి, యాంప్లిఫయర్ డబ్బు మిగులుతుంది.

జుమ్మని హమ్ వస్తోందని యాంప్లిఫయర్ మార్చేవాళ్ళు ముందు ఎర్తింగ్ చూసుకోవాలి. రాయలసీమ ఎండు నేలలో ఎర్తింగ్ గుంతకు వేసిన బొగ్గు, ఉప్పు మాత్రమే చాలవు, వేసవిలో అప్పుడప్పుడు నీళ్ళు పోస్తేనే అది పనిచేస్తుంది. పాట ల్యాప్‌టాప్ నుంచి వస్తుంటే, దాని చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. హమ్ ఆగిపోతే తప్పు యాంప్లిఫయర్‌ది కాదు. కరెంటు పోయినప్పుడు మాత్రమే రొద వస్తుంటే ఇన్వర్టర్‌ను అనుమానించండి, చవక రకాల్లో వచ్చేది సైన్ వేవ్ కాదు. చూ మోయ్ రూపొందించిన సీమోయ్ అనే హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ సర్క్యూట్ గుర్తొస్తుంది నాకు. ఒక్క చిప్పు, 9 వోల్ట్‌ల బ్యాటరీ, పిప్పరమెంటు డబ్బాలో ఇమిడిపోతుంది. గోడ కరెంటుతో సంబంధమే లేదు కాబట్టి ఆ దారిన హమ్ రాదు. టంకం పెట్టడం వచ్చిన కుర్రాళ్ళు ఇప్పటికీ చేసుకోదగ్గది.

కొనేముందు ఒక పరీక్ష చేయండి. మోనో రికార్డింగు పెట్టి వాల్యూమ్‌ను సున్నా నుంచి మెల్లగా తిప్పండి. గొంతు మొదటి నుంచీ నడితలలోనే నిలవాలి. చవక పొటెన్షియోమీటర్‌లో అది మొదట ఒక చెవి వైపు ఒరిగి, కాస్త పెంచాక నడుమకొస్తుంది. గెయిన్ మీటను తక్కువకు మార్చి చూడండి, అప్పుడు నాబ్‌ను ఇంకా పైదాకా తిప్పి వినగలుగుతారు, ఒరిగే చోటు వెనకపడిపోతుంది. మీట లేకపోతే, రాత్రిపూట మెల్లగా వినే అలవాటు మీకుంటే, ఆ యాంప్లిఫయర్ వద్దు.