చిటికెనవేలు చెప్పే సాక్ష్యం

నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఇళ్లలో పెరిగినవాళ్లు ఈ మాట వినే ఉంటారు: "రాత్రయితే చెయ్యి మొద్దుబారుతున్నది బిడ్డా." మా అమ్మా అదే అనేది. నడిరాత్రి లేచి కూర్చుని చెయ్యి విదిలించుకునేది. కష్టం చేసే చేతులకు ఇవన్నీ మామూలేనని ఇరుగుపొరుగు అనేవాళ్లు. మామూలు కాదు.

ఒళ్లో చాట పెట్టుకుని అమ్మ చుట్టే తీరు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. కత్తిరించిన తునికాకులో తంబాకు పోసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించి, కొస మడిచి ఒత్తేది. ఒత్తిన ప్రతిసారీ మణికట్టు లోపలికి వంగేది.

అరచెయ్యి మొదలయ్యే చోట ఒక ఇరుకు దారి ఉంది, కార్పల్ టన్నెల్. అడుగునా పక్కలా ఎనిమిది చిన్న ఎముకలు, పైన గట్టి లిగమెంటు. వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లు, వాటితోపాటు మీడియన్ నరం అందులోంచే వెళ్లాలి. ఎముకలు జరగవు, లిగమెంటు సాగదు. మణికట్టు లోపలికి వంగితే బిగిసిన టెండన్లు నరాన్ని లిగమెంటుకేసి ఒత్తుతాయి. వెనక్కి వంగినా లోపల ఒత్తిడి పెరుగుతుంది. పిడికిలి బిగిస్తే అరచేతిలోని సన్నని కండరాలు కూడా ఆ దారిలోకి జరుగుతాయి.

అమెరికా వైద్యులు 1981లో సన్నని గొట్టం పెట్టి ఈ ఒత్తిడిని కొలిచారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో, మణికట్టు తిన్నగా ఉంటే సగటున 2.5 మిల్లీమీటర్ల పాదరసం. ఎటు వంచినా 30 దాకా. ఇలా నరం నలిగి చెయ్యి మొద్దుబారే జబ్బు ఉన్న చేతుల్లో తిన్నగా ఉన్నా 32, లోపలికి వంచితే 94, వెనక్కి వంచితే 110. నిద్రలో మణికట్టు ఎటు మడతపడేదీ మనకు తెలియదు. అమ్మ రాత్రుళ్లు ఎందుకు లేచేదో నాకు ఆ అంకెలు చూశాకే అర్థమైంది.

పని తగ్గించుకోమని చెప్పడం తేలికే. వెయ్యి బీడీలకింతని కూలి కట్టే చోట ఆ సలహా పొయ్యి వెలిగించదు. అందుకే చేయగలిగింది చెబుతాను. కట్టకూ కట్టకూ మధ్య మణికట్టు తిన్నగా చాపి కాసేపు వేళ్లు వదులు చేయాలి. రాత్రి మణికట్టును తిన్నగా నిలిపే పట్టీ కట్టుకుని పడుకోవాలి. షుగర్, థైరాయిడ్ ఉంటే అవీ చూపించుకోవాలి, ఈ జబ్బుకు అవీ దోవ చేస్తాయి.

మీ ఇంట్లో ఎవరికైనా బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతూ చిటికెనవేలు మాత్రం బాగుంటే, ఆ మీడియన్ నరాన్నే అనుమానించండి. బొటనవేలి మొదట్లో కండ కరిగిపోకముందే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.