పురుగు కాదు బాబాయ్, నలుసు

మామిడి పూత మీదున్న రోజుల్లో తీసిన ఫొటోలవి. బంగినపల్లి చెట్టు, కొమ్మ కొమ్మకీ పూత, పైన పల్చటి నీలం ఆకాశం. ల్యాప్‌టాప్‌లో ఒక్కొక్కటే చూపిస్తుంటే మా బాబాయి కళ్లజోడు సవరించుకుని ముందుకు వంగాడు.

"ఏరా, ఆ నల్ల చుక్కలేంటి? తేనెమంచు పురుగు గానీ దిగిందా?"

ఆయన భయం ఆయనది. ఆ పురుగు పూతలో రసం పీల్చి జిగురు కార్చిందంటే, దాని మీద మసి పట్టి, పూత మాడి రాలిపోతుంది. నేను తర్వాతి ఫొటో తీశాను. అందులో చెట్టే లేదు. హైవే మీద పాలక్యాన్లతో పోతున్న మోటారుసైకిలు, వెనక ఆకాశం. చుక్కలు మాత్రం ఇంచు కదలకుండా అక్కడే ఉన్నాయి. పురుగైతే చెట్టు దగ్గరే ఆగిపోవాలిగా!

"పురుగు కాదు బాబాయ్, కెమెరా కంట్లో నలుసు."

మా బాపులపాడులో ఇది రాకుండా ఉంటే ఆశ్చర్యపోవాలి. 16వ నెంబరు హైవే ఊరి పక్కగానే పోతుంది. నూజివీడు పేరుతో ఉన్న రైల్వే స్టేషను కూడా మా దగ్గరే, హనుమాన్ జంక్షన్‌లో ఉంది. పేరు వాళ్లది, దుమ్ము మాది. అలాంటి చోట నేను తోట గట్టు మీద నిలబడి లెన్సు మార్చాను. కెమెరా నోరు కిందికి పెట్టి మార్చాలని తెలిసీ, పైకి పెట్టి మార్చాను.

ఫిల్ము రోజుల్లో ఈ గొడవ ఇంత లేదు. నలుసు పడ్డా ఆ ఫ్రేముతోపాటు ముందుకు జరిగిపోయేది. మిగిలిన మచ్చలకి స్టూడియోలో నెగటివ్ మీద పెన్సిలుతో టచింగ్ చేసేవాళ్లు. ఇప్పుడు పదివేల ఫొటోలకీ సెన్సరు అనే ఒకే పలక. నా కెమెరాలో అది సుమారు 24 మిల్లీమీటర్ల పొడవు, 16 వెడల్పు. అంటే చిన్న తపాలా బిళ్లంత. 2003లో ఒలింపస్ ఈ-1 కెమెరా ఆ పలక ముందున్న అద్దాన్ని సన్నగా వణికించి దుమ్ము దులిపే ఏర్పాటుతో వచ్చింది. తర్వాత మిగతా కంపెనీలూ ఆ దారి పట్టాయి. పొడి దుమ్మయితే రాలుతుంది. తడి తగిలి అంటుకుపోయింది మాత్రం ఎంత వణికించినా రాలదు.

నలుసు పడేది సెన్సరు మీద కాదు, దాని ముందున్న ఆ అద్దం మీద. మనకి ఫొటోలో కనిపించేది దాని నీడ. పొడుగాటి ట్యూబులైటు కింద వేలు పెడితే నీడ చెదిరిపోతుంది, చిన్న బల్బు ముందు పెడితే గోడ మీద వేలు వేలులాగే పడుతుంది. అలాగే లెన్సు కన్ను బాగా తెరిచి తీస్తే నలుసు జాడే ఉండదు. ఎఫ్ 16, ఎఫ్ 22 దాకా మూస్తే చుక్కలు తేలతాయి. పరీక్ష కూడా అదే: ఎఫ్ 22లో ఫోకస్ చెదరగొట్టి ఖాళీ ఆకాశాన్ని తీయడం. ఇంకో తిరకాసుంది. ఫొటోలో పైన ఎడమ పక్కన ఉన్న చుక్క, కెమెరా నోట్లోకి ఎదురుగా చూస్తే కింద ఎడమ పక్కన ఉంటుంది.

మొదటిసారి నేను చేసిన పని చెప్పడానికి సిగ్గే. నోటితో ఉఫ్ మని ఊదాను. మనవాళ్లు అటక మీద పుస్తకాన్నీ, పిల్లాడి కంట్లో నలుసునీ ఊదుతూనే ఉంటారు కదా! దుమ్ము పోలేదు సరికదా, ఉమ్మి తుంపర ఆరి మరో రెండు మచ్చలు కట్టింది. డబ్బాల్లో వచ్చే గాలీ అంతే, లోపలి ద్రవం చిమ్మిందంటే మరక పడుతుంది. చెవిపుల్లల దూది పీచు వదులుతుంది. కళ్లజోడు గుడ్డ పెట్టి రుద్దితే హైవే ఇసుక రేణువే అద్దాన్ని గీస్తుంది.

ఈసారి పద్ధతిగా కూర్చున్నాను. పొద్దున్నే గది తడిగుడ్డతో తుడిచి, ఫ్యాను కట్టేశాను. వాకిట్లో కళ్లాపి చల్లితే దుమ్ము అణిగినట్టే ఇదీనూ. బ్యాటరీ నిండా ఛార్జి చేశాను. మధ్యలో అది అయిపోతే పైకి లేచిన మిర్రరు వచ్చి తుడిచే పుల్ల మీద పడుతుంది. మెనూలో క్లీనింగ్ పెట్టి, కెమెరా నోరు కిందికి పట్టుకుని, రబ్బరు బ్లోయరుతో పదిసార్లు ఊదాను. బ్లోయరు ముక్కు లోపలికి పోనివ్వలేదు. మళ్లీ ఆకాశం తీసి చూస్తే ఏడు చుక్కల్లో నాలుగు పోయాయి. నిజానికి చాలామందికి పని ఇక్కడితోనే అయిపోతుంది, అవ్వాలి కూడా.

మిగిలిన మూడింటికి తడి పుల్ల తీశాను. సెన్సరు వెడల్పుకి సరిపోయేవి కవర్లలో విడివిడిగా సీలు చేసి అమ్ముతారు. పుల్లకి క్లీనింగ్ మందు రెండు చుక్కలు, అంతే. ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే లాగు. పుల్ల తిప్పి, రెండో వైపుతో తిరుగు లాగు. ఆ పుల్ల ఇక చెత్తబుట్టకే.

బాబాయి పక్కనే కూర్చుని ఊపిరి బిగపట్టి చూశాడు. "కాయ కోసినట్టుందిరా" అన్నాడు. తొడిమతో కోసి, సొన కాయ మీద పడకుండా దింపే మనిషి కదా, చేతికి ఎక్కడ ఆగాలో ఆయనకి చెప్పక్కర్లేదు.

మూడింట్లో రెండు పోయాయి. మూలన ఒకటి మిగిలింది. ఇంకో పుల్ల విప్పబోయి మానేశాను. నేను మామూలుగా తీసే ఎఫ్ 8లో అది కనిపించదు.

మర్నాడు పొద్దున్న బాబాయి ఫోను. తోటకెళ్లి పూతగుత్తి కదిపి చూశాడట.

"చిటపటమని లేచాయిరా పురుగులు. మందు కొట్టించాలి. నీ కెమెరాని ఏమీ అనకు."